గర్భిణుల చక్కెర వ్యాధి – మందును గూర్చిన భయము

గర్భవతికి చక్కెర వ్యాధి కనబడినదని వైద్యులు చెప్పిన దినమున మన యిండ్లలో రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. ఈమె యేమి తినరానిది తినెను? మందు పుచ్చుకొన్నచో కడుపులోని బిడ్డకు కీడు కలుగదా? మొదటి ప్రశ్న తల్లిని నొప్పించును. రెండవది ఆమెను మందు మాన్పించును. ఈ రెండింటికిని సమాధానము తెలిసికొనుట మన కుటుంబములకు మిక్కిలి యవసరమని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

గర్భము పెరిగినకొలది మావి నుండి పుట్టు కొన్ని రసములు తల్లి శరీరములోని ఇన్సులిన్ పనిని మందగింపజేయును. అందుకు తగినట్లు ఎక్కువ ఇన్సులిన్ పుట్టినచో చిక్కు లేదు. పుట్టనిచో రక్తమున చక్కెర నిలిచిపోవును. వంశములో ఈ వ్యాధి యున్నవారికి ఇది సులభముగా వచ్చును. మన మారిషస్ ద్వీపమున 2021వ సంవత్సరపు ఆరోగ్య పరిశీలన ప్రకారము పెద్దలలో సుమారు ఐదుగురికి ఒక్కరు మధుమేహము గలవారు. కావున దీనిని కోడలి తప్పుగా నెంచుట న్యాయము కాదు.

తల్లి రక్తములోని అధికమైన చక్కెర మావిని దాటి శిశువును చేరును. దానిని అరిగించుకొనుటకు శిశువు తానే ఎక్కువ ఇన్సులిన్ పుట్టించుకొని మితిమీరి బలియును. అందువలన కాన్పు కష్టమగును. పుట్టిన వెంటనే బిడ్డకు చక్కెర పడిపోవచ్చును. తల్లికి రక్తపు పోటు పెరుగవచ్చును. కనుకనే 24వ వారము మొదలు 28వ వారము లోపల 75 గ్రాముల గ్లూకోజు నీరు త్రాగించి పరీక్ష చేయుదురు.

మొదటి చికిత్స ఆహారమే. తీపి తేనీరు, తెల్లరొట్టె, పళ్ళెము నిండ అన్నము తగ్గించి, పప్పు, కూరలు, ఆకుకూరలు హెచ్చించి, కొద్దికొద్దిగా పలుమార్లు తినవలెను. భోజనానంతరము కొంతసేపు నడువవలెను. సాధారణముగా పరగడుపున 5.3 మిల్లీమోల్‌ల లోపల, భోజనమైన గంటకు 7.8 లోపల చక్కెర యుండవలెనని వైద్యులు కోరుదురు. అనేకులకు ఇంతమాత్రమే చాలును.

చాలనప్పుడు మందు అవసరమగును. ఇది తల్లి పథ్యము తప్పినదనుటకు గుర్తు కాదు. మావి బలము హెచ్చినదని మాత్రమే అర్థము. 1922లో కెనడాలోని టొరంటోలో తొలిసారి రోగికిచ్చిన ఇన్సులిన్ నేటికిని ముఖ్యమైన మందు. సామాన్యముగా నది మావిని దాటి బిడ్డను చేరదు. మెట్‌ఫార్మిన్ మాత్ర మావిని దాటును. అయినను 2008లో ప్రకటితమైన ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల పరిశోధనలో ఇన్సులిన్‌తో పోల్చగా నవజాత శిశువులకు దానివలన ఎక్కువ ఆపద కలుగలేదు. ఆ మాత్ర పుచ్చుకొన్న వారిలో సుమారు సగము మందికి ఇన్సులిన్ కూడ కావలసివచ్చెను. 2005లో ప్రకటితమైన మరియొక ఆస్ట్రేలియా పరిశోధనలో చికిత్స లేనివారి శిశువులలో నూటికి నలుగురికి తీవ్రమైన ఆపదలు కలుగగా, చికిత్స పొందినవారిలో ఒక్కరికే కలిగెను. ఆ చికిత్సలో పథ్యము, పరీక్షలు, అవసరమైనచో ఇన్సులిన్ ఉండెను. మందును చూచి భయపడు తల్లి చికిత్స లేని చక్కెరను చూచి మరింత భయపడవలెను.

సూది మొదలుపెట్టినచో జన్మాంతము విడువదను మాట కూడ సరికాదు. ప్రసవమైన పిమ్మట చాలమందికి దానిని ఆపివేయుదురు. అయితే ఇన్సులిన్ వాడువారికి చెమట, వణకు, కళ్ళు తిరుగుట కనబడినచో చక్కెర పడిపోయినదని తెలిసికొని వెంటనే తీపి యియ్యవలెను. మాత్రవలన కడుపు త్రిప్పినచో దానిని దాచిపెట్టి మానక వైద్యునికి చెప్పవలెను.

కాకరకాయ, మెంతులు కూరలో మంచివే. మందునకు బదులు కాజాలవు. అమ్మోరు పండుగకు గాని, మరి యే వ్రతమునకు గాని గర్భిణి వైద్యుని యడుగక ఉపవాస ముండరాదు. ఈ మాట అత్తగారే ముందుగా చెప్పినచో కోడలికి సంకోచము తీరును. ప్రసాదము కన్నుల కద్దుకొని చిటికెడు తీసికొన్నను భక్తికి లోపము లేదు.

ప్రసవమైన 6 మొదలు 12 వారములలో మరల పరీక్ష చేయించుకొనవలెను. ఆపైని కూడ అప్పుడప్పుడు చేయించుకొనుచుండవలెను. ఈ వ్యాధి వచ్చిన తల్లికి మునుముందు మధుమేహము వచ్చు అవకాశ మెక్కువ. మన ప్రభుత్వ వైద్యశాలలలో చికిత్స ఉచితము. భర్తలు వెంట వెళ్ళి, వైద్యుని మాట తామును వినవలెనని మా మనవి.