ట్విలైట్ పుస్తకాలు చదివినవాళ్లు ఎందుకు ఏడ్చారు.. ఎందుకు కోప్పడ్డారు? 20 ఏళ్లయినా తగ్గని వాంపైర్ ప్రేమకథ క్రేజ్ వెనుక కథ ఇదే!

‘ఒక్క చాప్టర్ చదివి పడుకుందాం’ అని రాత్రి మొదలుపెట్టి, తెల్లారేసరికి పుస్తకం మొత్తం ముగించినవాళ్లు కొందరు. రెండో పుస్తకం మధ్యలో ఏడుపు ఆపుకోలేక పక్కన పెట్టేసినవాళ్లు ఇంకొందరు. నాలుగోది చదివాక ‘ఇదేం ముగింపు?’ అంటూ షాపులో వెనక్కి ఇచ్చేద్దాం అన్నవాళ్లు మరికొందరు. వీళ్లంతా చదివింది ఒకటే సిరీస్. పేరు ‘ట్విలైట్’. ఒక మామూలు అమ్మాయికీ, రక్తపిశాచి కుర్రాడికీ మధ్య నడిచే ప్రేమకథ.

మొదటి పుస్తకం 2005లో వచ్చింది. ఇప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా 16 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అయినా దీని మీద గొడవ ఇంకా సద్దుమణగలేదు. ఇష్టపడేవాళ్లు ప్రాణం పెడతారు, పడనివాళ్లు పడీపడీ నవ్వుతారు. విచిత్రం ఏంటంటే.. ఒకే పాఠకురాలు పదిహేనేళ్ల వయసులో ప్రాణం పెట్టి, ముప్పై ఏళ్లొచ్చాక అదే పుస్తకం చూసి భయపడుతోంది. అసలు ఈ కథలో ఏముంది? అభిమాని మనసులో ఏం జరుగుతుంది? ఇప్పుడు చూద్దాం.

కలలో మొదలైన కథ

రచయిత్రి స్టెఫనీ మేయర్ అమెరికాలోని అరిజోనాలో ఉండే ముగ్గురు పిల్లల తల్లి. అప్పటికి ఒక్క పుస్తకం కూడా అచ్చు వేయించలేదు. 2003 జూన్ 2న ఆమెకు ఒక కల వచ్చింది. గడ్డి మైదానంలో ఒక అమ్మాయి, ఎండలో మెరిసిపోతున్న ఒక వాంపైర్ కుర్రాడు మాట్లాడుకుంటున్నారు. లేవగానే ఆ కలను రాసిపెట్టుకున్నారు. అదే తర్వాత పుస్తకంలో 13వ చాప్టర్ అయింది. దాదాపు మూడు నెలల్లో నవల పూర్తయింది. లిటిల్ బ్రౌన్ సంస్థ మూడు పుస్తకాలకు కలిపి ఏడున్నర లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. కొత్త రచయిత్రికి అది మామూలు మొత్తం కాదు.

కథ జరిగే ఊరు కోసం మేయర్ ఇంటర్నెట్‌లో వెతికారు. వాంపైర్లు ఎండలోకి రాకూడదు కాబట్టి అమెరికాలో బాగా వానలు పడే చోటు కావాలి. అలా దొరికిందే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్. జనాభా మూడు వేల పైచిలుకు ఉండే చిన్న పట్టణం. మొదటి పుస్తకం రాసేటప్పటికి ఆమె ఆ ఊరు చూడనే లేదు.

మొదటి పుస్తకం: గుండె ఎందుకు జారింది?

బెల్లా స్వాన్‌కు 17 ఏళ్లు. ఎండలు మండే ఫీనిక్స్ నుంచి, పోలీస్ చీఫ్‌గా పనిచేసే నాన్న దగ్గరికి ఫోర్క్స్ వస్తుంది. స్కూల్లో పక్క సీటు కుర్రాడు ఎడ్వర్డ్ కల్లెన్. చూడటానికి 17, అసలు పుట్టింది 1901లో. 1918లో స్పానిష్ ఫ్లూతో చావుబతుకుల్లో ఉండగా వాంపైర్‌గా మారాడు. అతని కుటుంబం మనుషుల జోలికి పోదు, జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటుంది.

ఇక్కడే మేయర్ వేసిన ముడి పనిచేసింది. ఎడ్వర్డ్ అందరి మనసులూ చదవగలడు, ఒక్క బెల్లా మనసు తప్ప. అందరికంటే ఎక్కువగా ఆమె రక్తమే అతన్ని లాగుతుంది. అంటే ప్రేమించే అమ్మాయినే చంపేసే ప్రమాదం ప్రతి క్షణం ఉంది. చేయి తగిలితే చాలు, టెన్షన్. మామూలు ప్రేమకథలో ఒక ముద్దుకు ఉండే బరువు ఇక్కడ చూపుకే ఉంటుంది. దగ్గరవ్వాలి, అవ్వకూడదు.. ఈ ఊగిసలాటే 498 పేజీలూ పరుగెత్తిస్తుంది.

ఇంకో కారణం బెల్లా. కథ మొత్తం ఆమె గొంతులోనే నడుస్తుంది. పెద్ద అందగత్తెను అనుకోదు, నడుస్తూ నడుస్తూ పడిపోతుంది, ఆటలు రావు, నలుగురిలో కలవలేదు. చదివే అమ్మాయి ఆమె స్థానంలో తనను పెట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ‘నాలాంటి అమ్మాయిని కూడా ఒకరు ఇంతగా చూస్తారా?’ అన్న ఆశే ఈ పుస్తకం అసలు బలం.

న్యూ మూన్: ఖాళీ పేజీలు చదివి ఏడ్చారు

2006లో వచ్చిన ‘న్యూ మూన్’లో ఎడ్వర్డ్ బెల్లాను వదిలి వెళ్లిపోతాడు. తనతో ఉంటే ఆమె ప్రాణానికే ముప్పని అతని భయం. ఆ తర్వాత పేజీ తిప్పితే.. అక్టోబర్. ఇంకో పేజీ.. నవంబర్. తర్వాత డిసెంబర్, జనవరి. నెల పేరు తప్ప ఏమీ లేదు. బెల్లా జీవితం ఆగిపోయిందని చెప్పడానికి మేయర్ మాటలు వాడలేదు, పేజీలు ఖాళీగా వదిలేశారు.

బ్రేకప్ అయిన వాళ్లకు ఆ ఖాళీ పేజీలు ఇప్పటికీ గుర్తే. విమర్శ వచ్చింది కూడా ఇక్కడే. ‘అబ్బాయి వదిలేస్తే అమ్మాయి జీవితం ఖాళీ అయిపోవాలా?’ అని చాలామంది నిలదీశారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆ వయసులో బాధ అలాగే ఉంటుంది. అలాగే ఉండిపోవాలని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

టీమ్ ఎడ్వర్డ్ వర్సెస్ టీమ్ జాకబ్

ఎడ్వర్డ్ లేని ఆ నెలల్లో బెల్లాను మామూలు మనిషిని చేసింది జాకబ్ బ్లాక్. నవ్విస్తాడు, పాత బైకులు బాగుచేస్తాడు, వెచ్చగా ఉంటాడు. తీరా చూస్తే అతను తోడేలుగా మారే కుర్రాడు. 2007లో ‘ఎక్లిప్స్’ వచ్చేసరికి అభిమానులు రెండు ముక్కలైపోయారు. ఒకవైపు టీమ్ ఎడ్వర్డ్, ఇంకోవైపు టీమ్ జాకబ్. టీషర్టులు, బ్యాడ్జీలు, ఫ్రెండ్స్ మధ్య అలకలు.. స్టార్ హీరోల ఫ్యాన్స్ మధ్య జరిగేదంతా జరిగింది.

నిజానికి ఈ గొడవ ఇద్దరు కుర్రాళ్ల గురించి మాత్రమే కాదు. ప్రేమంటే ప్రాణాలమీదికి తెచ్చుకునే ఆరాటమా, పక్కన ఉంటే హాయిగా అనిపించే స్నేహమా? అభిమానులు వాదించుకున్నది దీని గురించే. పదహారేళ్ల అమ్మాయిలకు ఈ ప్రశ్న గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే వీలు ఈ పుస్తకాలు కల్పించాయి.

బ్రేకింగ్ డాన్: ప్రేమ కాస్తా కోపమైంది

2008 ఆగస్టు 2. అమెరికాలో పుస్తకాల షాపుల ముందు అర్ధరాత్రి క్యూలు. తొలి 24 గంటల్లో 13 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. కట్ చేస్తే.. తెల్లారేసరికి అభిమానుల్లోనే తిరుగుబాటు మొదలైంది.

పెళ్లి అయిపోయింది, బాగానే ఉంది. తర్వాత బెల్లా గర్భం, కడుపులో బిడ్డే తల్లి ప్రాణం తోడేయడం, రెనెస్మే అన్న వింత పేరు.. ఇవి చాలామందికి మింగుడు పడలేదు. జాకబ్‌కు ఆ పసిబిడ్డతోనే విడదీయలేని బంధం ఏర్పడటం మరీ ఇబ్బంది పెట్టింది. ఇంత బిల్డప్ ఇచ్చాక చివర్లో పెద్ద యుద్ధం కూడా జరగదు, మాటలతో తేలిపోతుంది. పుస్తకాన్ని వెనక్కి ఇచ్చేద్దాం అంటూ కొందరు ప్రచారం చేసింది అప్పుడే.

2012లో సినిమా చివరి భాగం తీసినప్పుడు ఈ అసంతృప్తికి ఒక విరుగుడు దొరికింది. తెరమీద భీకర యుద్ధం చూపించారు. ఇష్టమైన పాత్రలు ఒక్కొక్కటిగా చనిపోతుంటే, కథ కంఠతా వచ్చిన అభిమానులు థియేటర్లో కేకలు పెట్టారు. చివరికి అదంతా ఒక పాత్రకు కనిపించిన భవిష్యత్తు మాత్రమే అని తేలింది. పుస్తకం చదివినవాళ్లకే అది అసలు షాక్.

ప్రేమా? కంట్రోలా?

నవ్వులాటలు పక్కన పెడితే, ఈ సిరీస్ మీద అసలైన ప్రశ్న వేరే ఉంది. బెల్లా నిద్రపోతుంటే ఎడ్వర్డ్ ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చుంటాడు. జాకబ్‌ను కలవకుండా ఆపడానికి ఆమె ట్రక్కు పాడుచేస్తాడు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరితో తిరగాలో తనే నిర్ణయిస్తాడు. కథలో ఇదంతా కాపాడుకోవడంగా కనిపిస్తుంది. అదే పని నిజ జీవితంలో ఒక కుర్రాడు చేస్తే? దాన్ని వెంటపడి వేధించడం అంటారు. పోలీస్ కేసు అవుతుంది.

పెద్దయ్యాక మళ్లీ చదివిన చాలామంది అభిమానులు ఉలిక్కిపడేది ఇక్కడే. అప్పట్లో రొమాంటిక్‌గా అనిపించిన సీన్లే ఇప్పుడు హెచ్చరికల్లా కనిపిస్తున్నాయి. ఈ విమర్శలు మేయర్‌ దాకా కూడా వెళ్లాయి. బెల్లాను ఎప్పుడూ ఎవరో ఒకరు కాపాడాల్సిన అమ్మాయిగా చూపించారన్న మాటకు జవాబుగా, 2015లో ‘లైఫ్ అండ్ డెత్’ అనే పుస్తకం రాశారు. అందులో మనిషి అబ్బాయి, వాంపైర్ అమ్మాయి. ఆడా మగా తేడా కాదు, మనిషికీ వాంపైర్‌కీ ఉన్న బలం తేడా వల్లే అలా జరిగిందని చూపించే ప్రయత్నం అది.

ఇంకో కోణం కూడా ఉంది. 2013లో ఆఖరి సినిమాకు అమెరికాలో ‘చెత్త సినిమా’ అవార్డు రాజీ ఇచ్చారు. ఎండలో మెరిసే వాంపైర్ మీద లెక్కలేనన్ని జోకులు పేలాయి. కానీ క్రికెట్ మ్యాచ్ ఓడిపోతే ఏడ్చే కుర్రాణ్ని ఎవరూ అంతగా వెక్కిరించరు. టీనేజ్ అమ్మాయిలు దేన్నైనా ఇష్టపడితే అది వెంటనే నవ్వులాట అయిపోతుంది. పుస్తకంలో లోపాలు చూపించడం వేరు, చదివే అమ్మాయిని తక్కువ చేయడం వేరు.

తెలుగు పాఠకులకు ఇది కొత్తేం కాదు

యద్దనపూడి సులోచనారాణి నవలలు గుర్తున్నాయా? ‘సెక్రటరీ’లో రాజశేఖరం కోసం ఒక తరం అమ్మాయిలు కలలు కన్నారు. పొడగరి, ధనవంతుడు, మాట పెళుసు, మనసు మెత్తన. ఆ నవల 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. ఇలాంటి నవలలు అమ్మాయిలను ఊహల్లో తేలిపోయేలా చేస్తాయన్న విమర్శ అప్పుడూ వచ్చింది. అయినా వంటింట్లో పొయ్యి ముందు, బస్సులో, రాత్రి దీపం వెలుగులో ఆడవాళ్లు ఆ పుస్తకాలు చదువుతూనే ఉన్నారు. అక్కడ కారు, ఇక్కడ కోరలు. తేడా అంతే!

ఊరు బాగుపడింది.. మరి అసలు మనుషులు?

ఫోర్క్స్ ఒకప్పుడు కలప మీద బతికిన ఊరు. ఆ వ్యాపారం పడిపోయి దిగాలుగా ఉన్న సమయంలో ట్విలైట్ టూరిస్టులు వచ్చారు. ఒక్క 2010లోనే 70 వేల మందికి పైగా వచ్చి వెళ్లారు. బెల్లా పుట్టినరోజు సెప్టెంబర్ 13 చుట్టూ ఏటా అక్కడ పండుగ జరుగుతోంది.

జాకబ్ పుట్టిన క్విలియూట్ తెగ మాత్రం కల్పితం కాదు. ఫోర్క్స్‌కు దగ్గర్లో సముద్రం ఒడ్డున లా పుష్‌లో నిజంగా ఉండే ఆదివాసీ జనం. వాళ్ల పుట్టుక కథలో తోడేళ్లను మనుషులుగా మార్చిన మాట ఉంది. అంతేకానీ వాంపైర్లతో పోరాటం, మనిషి తోడేలు అవ్వడం మేయర్ అల్లినవి. తమ పేరు వాడుకుని కోట్లు సంపాదించారు, తమకేం దక్కిందన్న ప్రశ్న గట్టిగానే వినిపించింది. సియాటిల్‌లోని బర్క్ మ్యూజియం ఆ తెగతో కలిసి, కథలో ఏది నిజమో ఏది కాదో జనానికి వివరించే పని చేసింది.

వాళ్ల అసలు సమస్య సునామీ. పాత స్కూలు, ఇళ్లు సముద్రమట్టానికి దగ్గరగా కట్టినవి. 2012లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఎత్తైన చోట భూమి ఇచ్చింది. 2022లో కొత్త స్కూలు అక్కడికి మారింది. ఊరంతా పైకి తరలే ఈ ప్రయత్నానికి ట్విలైట్ అభిమానుల్లోనూ కొందరు విరాళాలు ఇచ్చారు. అభిమానం ఒక మంచి పనికి ఉపయోగపడటం అంటే ఇదే.

12 ఏళ్ల ఎదురుచూపు

ఎడ్వర్డ్ వైపు నుంచి ఇదే కథ చెప్పే ‘మిడ్‌నైట్ సన్’ను మేయర్ మధ్యలో ఆపేశారు. 2008లో రాతప్రతి లీక్ కావడమే కారణం. అభిమానుల కోసం రాసినంత వరకు తనే వెబ్‌సైట్‌లో పెట్టేశారు. మిగతాది చదవడానికి 2020 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి హైస్కూల్ అమ్మాయిలు ఉద్యోగస్తులయ్యారు, కొందరు తల్లులయ్యారు. కరోనా లాక్‌డౌన్ల కాలంలో మళ్లీ అదే వానల ఊరికి తిరిగెళ్లారు. ఈసారి మెచ్చుకుంటూ, నవ్వుకుంటూ, తప్పులు పడుతూ చదివారు.

ఈ సిరీస్ నుంచి ఇంకా చాలా పుట్టాయి. ఒక అభిమాని బెల్లా, ఎడ్వర్డ్ పాత్రలతో రాసుకున్న కథే తర్వాత పేర్లు మారి ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ అయింది. బెల్లాకు ఇష్టమైన పుస్తకం కాబట్టి ఎమిలీ బ్రాంటీ ‘వదరింగ్ హైట్స్’ను ట్విలైట్ లాంటి కవర్‌తో మళ్లీ అచ్చు వేశారు, కొత్త పాఠకులు దొరికారు. వాంపైర్ కథ పట్టుకుని వచ్చిన పిల్లలు 19వ శతాబ్దపు నవల దాకా వెళ్లారన్నమాట.

ఇంట్లో అమ్మాయి ఇప్పుడు ట్విలైట్ చదువుతుంటే లాక్కోవాల్సిన పనిలేదు, వెక్కిరించాల్సిన పని అంతకన్నా లేదు. ‘ఎడ్వర్డ్ అలా గదిలోకి రావడం నీకు ఓకేనా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. తనకేం నచ్చిందో, ఏది నచ్చలేదో తనే చెబుతుంది. పుస్తకాన్ని ప్రేమించడం, దాంతో గొడవ పడటం రెండూ ఒకేసారి చేయొచ్చని ఈ అభిమానులు 20 ఏళ్లుగా చూపిస్తూనే ఉన్నారు.