రికార్డు రాస్తే సరిపోదు.. ప్రయోగశాల పిలుస్తోంది!

బీఎస్సీలో ప్రాక్టికల్స్ అంటే ఏముంది? ఇచ్చిన లవణం ఏదో సీనియర్ల రికార్డు చూసి ముందే చెప్పేస్తారు. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నతో కుస్తీ పట్టడమే అసలు పరిశోధన. సరిహద్దు పట్టణాల డిగ్రీ కళాశాలల్లో ఆ రుచి చూసేవారు తక్కువే.

అలాగని అవకాశం దూరంలో లేదు. హోసూరుకు 40, కోలారుకు 70 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనే సి.వి.రామన్ 1934లో స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ ఉంది. ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ అకాడమీలతో కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఎంపికైతే రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకోవచ్చు. భృతి, రైలు ఛార్జీ ఇస్తారు. అధ్యాపకులూ అర్హులే. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలోనూ ఇలాంటి పథకముంది.

చిక్కల్లా సమాచారంతోనే. దరఖాస్తుల గడువు సాధారణంగా ముందు ఏడాది చివర్లోనే ముగుస్తుంది. పరీక్షలయ్యాక ‘వేసవిలో ఏం చేద్దాం’ అని అడిగితే లాభం లేదు. ఏ అంశంపై పని చేయాలనుందో ఇంగ్లిషులో క్లుప్తంగా రాయాలి. పాఠం చెప్పే లెక్చరర్ సిఫారసు లేఖ ఇవ్వాలి. మాతృభాషలో చదివి వచ్చిన పిల్లలు తడబడేది ఇక్కడే. పెద్ద కాలేజీల్లో సీనియర్లు దారి చూపుతారు. చిన్న ఊళ్లో ఆ పని లెక్చరర్లే చేయాలి.

దసరా సెలవులకు ముందే నోటీసు బోర్డులో ఒక్క కాగితం అంటించి, పిల్లలు రాసింది ఓసారి దిద్దిపెడితే చాలు. అడగడం తెలియక ఆగిపోయేవారికి అదే పెద్ద సాయం.