మిల్లు పనికి ఏ బట్టలు?

మీరు రైసుమిల్లు చూశారా? అక్కడ మోటారు బెల్టు గిర్రున తిరుగుతూ ఉంటుంది.

"భుజం మీద తువ్వాలు తీసెయ్ తమ్ముడూ!" అన్నాడు మేస్త్రీ.

"చెమట తుడుచుకోవద్దా అన్నా?" అన్నాడు కొత్త పనివాడు.

మేస్త్రీ చెప్పిందే నిజం. తువ్వాలు కొస బెల్టులో చిక్కితే మనిషినే లాగేస్తుంది. విడిపించుకునే టైము ఉండదు. లుంగీతో, వదులు చొక్కాతో కూడా ఇదే ప్రమాదం. కాబట్టి ఒంటికి సరిపోయే చొక్కా, ప్యాంటు వేసుకోవాలి. చేతుల గుండీలు పెట్టుకోవాలి. చొక్కా లోపలికి దోపుకోవాలి.

మరి ఆ బట్టలు ఎవరు కొనాలి? 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. నడుస్తున్న మిషనుకు నూనె పెట్టే పనివాడు బిగుతు బట్టలు వేసుకోవాలి అని ఆ చట్టం చెప్పింది. వాటిని యజమానే ఇవ్వాలి అని తర్వాత ఆ చట్టంలో చేర్చారు.

బట్టలు అడగడానికి సిగ్గుపడకండి. పోయిన చెయ్యి తిరిగి రాదు.