రెండు మొనల మధ్య

కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ చెరో చేత పట్టుకుని, ఒకటి లాగుతూ ఒకటి వదులుతూ పెరుగు చిలుకుతాం. ఆ కవ్వాన్ని నేలకు సమాంతరంగా పడుకోబెట్టి, రెండు చివర్లనూ రెండు మొనల మధ్య బిగించి, ఉలి ఆనించడానికి పక్కన ఒక దిమ్మ పెడితే అదే తరిమెన. ఇప్పుడు మనం చెక్క లేత్ అంటున్న మిషను. ఒకరు తాడు లాగాలి, ఇంకొకరు ఉలి పట్టాలి. ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద సరిగ్గా ఈ ఇద్దరూ పనిలో ఉన్నారు. ఆ చెక్కడం క్రీ.పూ. 300 ప్రాంతానిది.

తాడుతో తిప్పే లేత్‌కు ఒక చిక్కుంది. చెక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. ఉలి వైపు తిరిగి వచ్చినప్పుడే తెగుతుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఉలిని కాస్త ఎత్తి పట్టాలి. అంటే లాగినవాడి కష్టంలో సగం గాలికి పోతుంది. యూరప్‌లో తాడును పైన వంచి కట్టిన కర్రకూ, కింద కాలితో తొక్కే పలకకూ ముడేసి రెండో మనిషిని తప్పించారు కానీ ఆ సగం నష్టం అలాగే ఉండిపోయింది. పక్కన పెద్ద చక్రం పెట్టి దాని మీదుగా పట్టీ వేశాక గానీ చెక్క ఒకే దిక్కున ఆగకుండా తిరగలేదు. 15వ శతాబ్దం చివర్లో లియొనార్డో డావిన్సీ కాలితో తొక్కే పలకకు వంపు కడ్డీ, బరువైన చక్రం జోడించిన లేత్‌ను బొమ్మ గీసి పెట్టాడు. తర్వాత నీళ్లు, ఆవిరి, కరెంటు వచ్చాయి. తిప్పేవాడు మారుతూ వచ్చాడు. రెండు మొనలు, వాటి మధ్య కంటికి కనిపించని ఒక సరళరేఖ, ఉలికి ఆనుడు, ఇవి మాత్రం మారలేదు. సెకండ్ హ్యాండ్ లేత్ కొనబోయేవాళ్లకు ఈ పాత కథ చెప్పడానికి కారణం అదే. చూడాల్సింది ఆ రేఖను. మిగతావన్నీ ఊడదీసి మార్చుకోవచ్చు.

మన రాష్ట్రాల్లో ఈ యంత్రం చరిత్రను కళ్లారా చూడాలంటే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వెళ్లాలి. కొండపల్లి బొమ్మను ఉలితో, ఆకురాయితో చెక్కుతారు. ఏటికొప్పాక బొమ్మ తరిమెన మీదే పుడుతుంది. అందుకే అక్కడి బొమ్మలన్నీ గుండ్రటి ముక్కల కూర్పు: బొంగరం, పిల్లల వంట సామాను, బొట్టు పెట్టె, గుండ్రటి తల, గుండ్రటి ఒళ్లు. యంత్రం ఏ ఆకారం ఇస్తుందో కళ ఆ ఆకారంలోనే ఆలోచించింది. వాడే కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నటి ఈనెతో ఉంటుంది. ఉలి ఎటు నడిపినా పెచ్చులు లేవదు. కర్ణాటకలో చెన్నపట్టణం బొమ్మలు చేసేవాళ్లు కూడా ఇదే చెట్టును వెతుక్కున్నారు.

అసలు మెచ్చుకోవలసింది రంగు వేసే తీరు. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడికి వేడి పుడుతుంది. లక్క 75–80 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఆ వేడి చాలు, కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే పొర అంతటా సమంగా పరుచుకుని మెరుపు వస్తుంది. చెక్కను చెక్కే యంత్రమే పొయ్యి, అదే రంగుల దుకాణం. తాడు లేత్‌ల చోట కరెంటు మోటారు లేత్‌లు వచ్చాక వేగం పెరిగింది. మధ్యలో రసాయన రంగులు కూడా చొరబడ్డాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో సహజ రంగులను మళ్లీ నిలబెట్టడానికి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది.

ఇక లండన్ మీదుగా హైదరాబాద్‌కు వద్దాం. లేత్ వంశంలో పెద్ద మలుపు 1800 సంవత్సరం చుట్టుపక్కల వచ్చింది. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే ఉలిని మనిషి చేతిలోంచి తీసి, మర మీద కచ్చితంగా జరిగే బండికి బిగించాడు. దాంతో ఇనుప మరలు ఒకదానికొకటి సరిపోయేలా కోయడం కుదిరింది. మిగతా యంత్రాలను కనే తల్లి యంత్రం అయింది లోహపు లేత్. ఆ సంతతిలో ఒక కొమ్మ మన నారాయణగూడ పక్కకే చేరింది. అశోక్‌నగర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కవాడిగూడలో, 1943లో ప్రాగా టూల్స్ మొదలైంది. గ్రైండర్లు, లేత్ మీద ముక్కను పట్టి ఉంచే చక్కుల వంటివి తయారు చేసింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటితే నిజాం కాలంలో వెలసిన అజామాబాద్ పారిశ్రామిక వాడ. 1965లో నర్సాపూర్ రోడ్డున హెచ్ఎంటీ యంత్రాల కర్మాగారం వచ్చింది. ఇప్పుడు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద గ్రూప్ వన్ పరీక్ష పుస్తకాలు పట్టుకుని కూర్చునే పిల్లలకు, తమ చదువుల పేటకు చుట్టూ ఒకప్పుడు యంత్రాల మోత వినిపించేదని తెలియకపోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి తికమక ఈ చరిత్ర వల్లే వస్తుంది. ఈ నగరంలో పాత లేత్ కావాలని అడిగితే ముందు చూపించేది లోహపు లేత్. దృఢంగా, గంభీరంగా ఉంటుంది, ధర కూడా ఒక్కోసారి ఊరిస్తుంది. చెక్క పనికి మాత్రం వద్దు. దాని వేగాలు ఇనుముకు తగ్గట్టు తక్కువ. దాని పట్టాల మీద నూనె ఉండాలి, ఆ నూనెలో రంపపు పొట్టు కలిస్తే ముద్దయి జరిగే భాగాలన్నిటికీ పట్టుకుంటుంది. పైగా చెక్క పనిలో ఉలి చేతిలోనే ఉండాలి, అందులోనే ఉంది దాని రుచి. చెక్క లేత్ కోసం మంచం కోళ్లు, మెట్ల కటకటాల కడ్డీలు తిప్పే దుకాణాలవాళ్లను, భోయిగూడ టింబర్ డిపోలకు వచ్చిపోయే వడ్రంగులను అడగాలి. మెట్లకు స్టీలు కడ్డీలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. మూల పడ్డ మిషన్లు కొన్ని అమ్మకానికి వస్తాయి. బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్‌లు సరదాకు కొని విసిగినవాళ్ల దగ్గర దొరుకుతాయి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు ఇవే గతి. ఆరడుగుల మంచం కోళ్ల మిషను లిఫ్టులో పట్టదు, పట్టినా కింది ఇంటివాళ్లు ఊరుకోరు.

అమ్మేవాడు స్విచ్ వేసి "మక్కన్ లెక్క తిరుగుతది అన్నా" అంటాడు. తిరుగుతుంది కూడా. స్విచ్ ఆపించి బెల్టు తీసేయమనండి. రంగు కొత్తగా వేసి ఉంటే నాకు ముందే అనుమానం. కాస్టింగ్‌లో బీట పడి వెల్డింగ్ చేసినదీ, అసలేమీ లేనిదీ రంగు కింద ఒకేలా కనిపిస్తాయి. చిన్న సుత్తితో పోత ఇనుము దిమ్మెను అక్కడక్కడా తట్టండి. బాగున్న చోట గణగణమంటుంది, బీట ఉన్న చోట మొద్దుగా పలుకుతుంది. పోత ఇనుములో గ్రాఫైట్ రేకులు కలిసి ఉంటాయి, అవి అదురును మింగేస్తాయి. అందుకే రేకులు, యాంగ్లర్లు అతికించి చేసిన లేత్ కన్నా బరువైన పాత పోత ఇనుప లేత్ మీద ఉలి సాఫీగా నడుస్తుంది. బరువు ఇక్కడ గుణం.

బెల్టు తీశాక స్పిండిల్‌ను, అంటే చెక్కను తిప్పే ఇరుసును, చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్ పోయింది. అదంత పెద్ద జబ్బు కాదు. బాల్ బేరింగ్ మీద నంబరు ఉంటుంది, 6205 అనుకుందాం. చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లని తెలిసిపోతుంది. ఆ నంబరు చెబితే రాణిగంజ్‌లో ఏ బేరింగ్ దుకాణంలోనైనా కొత్తది ఇస్తారు. స్పిండిల్‌ను పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. బేరింగ్ మార్చినా పోని వదులు అయితే, అంటే బేరింగ్ కూర్చునే గూడే అరిగిపోతే, అక్కడితో బేరం ఆపేయడం మంచిది.

అసలు పరీక్ష ఇప్పుడు. స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్‌లో ఒక మొన, ఎదురుగా పట్టాల మీద జరిగే టెయిల్‌స్టాక్‌లో ఒక మొన పెట్టి, టెయిల్‌స్టాక్‌ను జరుపుతూ రెండు మొనలనూ దాదాపు తాకేలా తీసుకురండి. సూదికి సూది ఎదురైనట్టు కలవాలి. పక్క నుంచీ పై నుంచీ కూడా చూడాలి. తర్వాత టెయిల్‌స్టాక్‌ను బిగించి మళ్లీ చూడండి, బిగించగానే పక్కకు జరిగితే బెడ్డు, అంటే ఆ పట్టాలు, అరిగిందన్నమాట. వెంట్రుకవాసి తేడాకు రేకు ముక్క పెట్టి సర్దుకోవచ్చు. కంటికి కొట్టొచ్చినట్టు తప్పితే మధ్యలో బిగించిన కర్ర నడుం ఊగుతుంది, టెయిల్‌స్టాక్ నుంచి వేసే డ్రిల్ రంధ్రం గంటలాగా వెడల్పవుతుంది.

స్పిండిల్ కొసన రెండు సంగతులు చూడాలి. లోపల సాఫీగా సన్నబడుతూ పోయే రంధ్రం ఉండాలి, దాన్ని మోర్స్ టేపర్ అంటారు. అమెరికాలో డ్రిల్ బిట్లు చేసిన స్టీఫెన్ మోర్స్ 1860లలో మొదలుపెట్టిన ఆ వాలు నేటికీ ప్రపంచమంతా నడుస్తోంది. ఒకటో నంబరు, రెండో నంబరు చిన్న లేత్‌లలో మామూలు. లోపల వేలు పెట్టి తడమండి. గీతలు పడి గరుకుగా ఉంటే లోపల పెట్టిన మొన ఎప్పుడో జారి తిరిగిందని అర్థం. బయట మరలు అరగకుండా ఉండాలి, అవి ఏ కొలతవో రాసుకోవాలి. ఆ కొలతకు చక్ దొరకకపోతే గిన్నెలు, పళ్లేల వంటి పని కుదరదు, కర్రలు తిప్పుకోవడమే మిగులుతుంది. స్థానికంగా కొట్టించిన లేత్‌లు చాలా వాటికి అసలు టేపరే ఉండదు. అలాంటి దాన్ని మొదటి లేత్‌గా నేనైతే కొనను, ధర ఎంత తగ్గినా.

మోటారు గురించి అమ్మేవాడు ఎక్కువ మాట్లాడతాడు, కొనేవాడు తక్కువ పట్టించుకోవాలి. మూడు ఫేజుల మోటారయితే ఇంటి సింగిల్ ఫేజుతో నడవదు. మోటారు వైండింగ్‌ను డెల్టాకు మార్చే వీలుంటే సింగిల్ ఫేజును మూడు ఫేజులుగా మార్చే వీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు, వేగం కూడా చేతిలోకి వస్తుంది. లేకపోతే సింగిల్ ఫేజు మోటారు మార్చుకోవడమే. వేగం సంగతి మాత్రం లెక్కవేసి చూడాలి. మామూలు నాలుగు పోల్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. పుల్లీలు సమానంగా ఉంటే స్పిండిల్ కూడా అంతే. రెండంగుళాల అప్పడాల కర్రకు అది హాయిగా సరిపోతుంది. పదంగుళాల గిన్నెకు అదే వేగం పెడితే దాని అంచు గంటకు దాదాపు 69 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఒకవైపు బరువున్న పచ్చి మొద్దు ఆ వేగంలో చక్‌లోంచి ఊడితే తలకు తగులుతుంది. వేగం రెట్టింపయితే బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. పనివాళ్ల లెక్క ఒకటుంది: అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషపు చుట్లతో హెచ్చిస్తే 6000కూ 9000కూ మధ్య ఉండాలి. పదంగుళాలకు 600 నుంచి 900. మోటారుకు మూడంగుళాల పుల్లీ, స్పిండిల్‌కు ఆరంగుళాలది వేస్తే 720 వస్తుంది. అందుకే వేగం మార్చుకునేలా మెట్లు మెట్లుగా ఉండే పుల్లీ ఉన్న లేత్‌కు కొంచెం ఎక్కువైనా ఇవ్వవచ్చు.

లేత్‌కు ఉన్న డబ్బంతా పెట్టేయకండి. ఉలులకూ, వాటిని సానబెట్టే గ్రైండరుకూ దాదాపు అంత అవుతుంది. పాత లేత్‌తో పాటు ఇచ్చే కార్బన్ స్టీలు ఉలులు సానరాయి మీద నీలిరంగు తిరగగానే పదును నిలుపుకోలేవు. హైస్పీడ్ స్టీలు ఆ వేడిని తట్టుకుంటుంది. ముఖానికి అడ్డు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. గొలుసు, ఉంగరం, చున్నీ, పొడుగు చేతుల చొక్కా తీసి పక్కన పెట్టాలి.

చెక్క కొనాల్సిన పనిలేదు. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి చిక్కడపల్లి గల్లీల్లో వేప కొమ్మలు విరిగి పడతాయి, మున్సిపాలిటీ బండి రాకముందే అడిగితే ఇచ్చేస్తారు. పచ్చి వేప మెత్తగా తెగుతుంది, పొట్టు పొడవాటి రిబ్బన్లలా వస్తుంది. ఆరుతూ వంకర తిరుగుతుంది, ఫరవాలేదు. ఎండిన తుమ్మను మాత్రం మొదటి నెలలో ముట్టుకోవద్దు. అడుగు పొడవు వేప కొమ్మను రెండు మొనల మధ్య బిగించి, ఉలి ఆనుడును చెక్కకు వీలైనంత దగ్గరగా జరిపి, స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకుని, అన్నిటికన్నా తక్కువ వేగంతో మొదలుపెట్టండి. గుండ్రంగా అయ్యాక దాన్ని ముందు కవ్వం కాడగా చేయండి.