తాతయ్యగారి నలుపు-తెలుపు ఫోటో: ఇంటి ప్రింటర్‌లో చక్కగా రావాలంటే...



ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టు ఇచ్చినప్పుడల్లా పిల్లలు ముత్తాతలు, తాతమ్మల ఫోటోలు ప్రింట్ తీయించి తెస్తారు. అసలు ఫోటో నలుపు-తెలుపు. చార్టు మీదికి వచ్చేసరికి అది ఒక్కోసారి ఆకుపచ్చగానో, గులాబీగానో కనిపిస్తుంది. తెల్ల పంచె కాగితంలో కలిసిపోతుంది, జుట్టు నల్లటి ముద్దలా ఉంటుంది. చాలాసార్లు ఇది ప్రింటర్ పాడైనందువల్ల కాదు. కారణం తెలిస్తే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

మన ప్రాంతంలో ఈ పని తొందరగా చేసుకోవడానికి మరో కారణం ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇళ్లతో పాటు ట్రంకుపెట్టెలు, గోడల మీది పటాలు కూడా కొట్టుకుపోయాయి. అలాంటి కుటుంబంలో ఒక్క ఫోటో మిగిలి ఉన్నా దానికి వెల కట్టలేం. తుఫాను లేకపోయినా మన సముద్రపు గాలిలోని చెమ్మకు ఫోటోలకు బూజు పడుతుంది, అవి అద్దానికి అతుక్కుపోతాయి.

ముందు కాపీ తీయండి

ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగవద్దు. పై పొర ఊడి ముఖమే పోవచ్చు. అద్దంతో సహా, కిటికీ దగ్గర నీడపట్టున ఉంచి, ఫ్లాష్ లేకుండా మొబైల్‌తో తీయండి. ఫోన్ వాలకుండా ఫోటోకు సమాంతరంగా ఉండాలి.

విడిగా ఉన్న ఫోటో అయితే స్కానర్ మేలు. ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు, అంటే 300 డీపీఐ ఉంటే బాగుంటుంది. కాబట్టి 600 డీపీఐతో స్కాన్ చేస్తే రెండింతలు, 1200తో చేస్తే నాలుగింతలు పెద్దది చేసుకోవచ్చు. 3.5 x 4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటో నాలుగింతలైతే 14 x 18 సెంటీమీటర్లు అవుతుంది. పటం కట్టించుకోవడానికి అది సరిపోతుంది.

నలుపు-తెలుపు ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయండి. పసుపు మరకలు ఎరుపు ఛానెల్‌లో తక్కువగా కనిపిస్తాయి. ఎడిటింగ్ యాప్‌లో ఆ ఛానెల్ నుంచి నలుపు-తెలుపుగా మార్చుకుంటే మరకలు చాలావరకు తగ్గుతాయి.

రంగు ఎందుకు వస్తుంది?

మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌లో సయాన్, మజెంటా, పసుపు, నలుపు అని నాలుగు ఇంకులుంటాయి. బూడిద రంగు ఇంకు ఉండదు. రంగు ఇంకులను కలిపి ప్రింటర్ ఆ బూడిద రంగును తయారు చేస్తుంది. పాళ్లు కొంచెం తప్పినా మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద బాగున్న ప్రింటు ఎండలో ఆకుపచ్చగా కనిపించడానికీ ఇదే కారణం.

హెచ్‌పీ వంటి కొన్ని ప్రింటర్ల సెట్టింగుల్లో గ్రేస్కేల్ కింద రెండు ఆప్షన్లుంటాయి. ‘హై క్వాలిటీ గ్రేస్కేల్’ రంగులను కలుపుతుంది. ‘బ్లాక్ ఇంక్ ఓన్లీ’ నల్ల ఇంకునే వాడుతుంది. రెండోదానిలో వేరే రంగు ఛాయ రాదు, కానీ లేత భాగాల్లో చిన్న చుక్కలు కనిపిస్తాయి. రెండు రకాలుగానూ చిన్న ముక్క తీసి, పగటి వెలుతురులో పోల్చి చూడండి. బూడిద రంగు ఇంకు కూడా ఉన్న ఫోటో ప్రింటర్లలో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

పెడన అద్దకం చెప్పే పాఠం

పెడన కలంకారీలో గుడ్డను ముందుగా కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. ఆ తర్వాతే తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణాన్ని అచ్చుతో అద్దుతారు. కరక్కాయలోని వగరు పదార్థం, ఇనుము కలిస్తేనే నిలిచే నలుపు వస్తుంది. గుడ్డ సిద్ధంగా లేకపోతే నలుపు లేదు.

ప్రింటింగ్‌లోనూ అంతే. జిరాక్స్ కాగితం ఇంకును లోపలికి పీల్చేస్తుంది, నలుపు వెలిసినట్టుంటుంది. ఫోటో పేపర్ మీద ఇంకును పైనే పట్టి ఉంచే పూత ఉంటుంది. నలుపు-తెలుపుకు 180 నుంచి 230 జీఎస్‌ఎం మ్యాట్ పేపర్ తీసుకోండి. చాలా ట్యాంక్ ప్రింటర్లలో నల్ల ఇంకు అక్షరాల కోసం చేసింది, గ్లాసీ పేపర్ మీద సరిగా నిలవదు.

ఇంకుల్లోనూ రెండు రకాలు. డై ఇంకు నీటిలో కరిగే రంగు. చెమ్మకు పాకుతుంది, ఎండకు త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు సన్నని రంగు రేణువులు. ఎక్కువకాలం నిలుస్తుంది. స్టూడియోలో ఇంక్‌జెట్ ప్రింట్ తీయిస్తుంటే ఏ ఇంకు వాడుతున్నారో అడగండి.

ప్రింట్ తీసేటప్పుడు

1. ముందు నాజిల్ చెక్ చేయండి. గీతలు తెగితే హెడ్ క్లీన్ చేయండి.
2. పేపర్ టైప్‌లో మీరు పెట్టిన కాగితాన్నే ఎంచుకోండి. ‘ప్లెయిన్ పేపర్’ అని వదిలేస్తే నలుపు తేలిపోతుంది.
3. క్వాలిటీ ‘హై’లో పెట్టండి.
4. ముఖం, తెల్లబట్ట, జుట్టు ఉన్న భాగాన్ని చిన్న ముక్క మీద తీసి చూడండి. పంచె మడతలు, జుట్టు పాయలు రెండూ కనిపించేదాకా వెలుగునీడలు సరిచేయండి. కాంట్రాస్ట్ అతిగా పెంచితే రెండూ పోతాయి.
5. ఒక రోజు ఆరనిచ్చాకే పటం కట్టించండి. అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట అంచు పెట్టమని చెప్పండి. ఎండ పడే గోడకు తగిలించవద్దు.

ఫైలును ఫోన్‌లోనే కాక, పెన్‌డ్రైవ్‌లోనూ వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గరా ఉంచండి. నీళ్లు వచ్చినా ఒక కాపీ మిగులుతుంది.

చివరగా పిల్లలకు ఒక పని అప్పగించండి. కొత్త ప్రింటు తీసుకుని తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల పక్కన కూర్చుని, అందులో ఎవరెవరున్నారో, ఏ ఊళ్లో తీయించుకున్నారో అడిగి వెనకవైపు పెన్సిల్‌తో రాయమనండి. ఆ వివరాలు ఏ స్కానర్‌కూ అందవు. చెప్పగల పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే రాసుకోవాలి.