రగ్బీ లీగ్: ఆట లేని ఊళ్లో టాప్ జట్టు.. మెల్‌బోర్న్ స్టార్మ్ గెలుపులతో లీగ్‌కు లాభమెంత?

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ అంటే సిడ్నీ, బ్రిస్బేన్‌ల ఆట. మెల్‌బోర్న్ జనానికి మాత్రం ఫుట్‌బాల్ అంటే ఆస్ట్రేలియన్ రూల్సే. అలాంటి నగరం నుంచి వచ్చిన మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు ఏళ్ల తరబడి నేషనల్ రగ్బీ లీగ్‌లో మిగతా జట్లకు చుక్కలు చూపిస్తోంది. 2024, 2025 సీజన్లలోనూ ఫైనల్ దాకా వెళ్లింది. రెండుసార్లూ ఓడిందనుకోండి, అది వేరే విషయం. మరి ఆట పెద్దగా తెలియని చోట ఇంత బలమైన జట్టు ఉంటే లీగ్‌కు లాభమేనా? 2027లో పెర్త్ జట్టు బరిలోకి దిగనుండటంతో ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

గెలిచింది.. నిలిచింది

స్టార్మ్ తొలి సీజన్ 1998. అప్పటికే పెర్త్‌లోని వెస్టర్న్ రెడ్స్ మూతపడింది. అడిలైడ్ రామ్స్ కథ కూడా ఆ ఏడాదితోనే ముగిసింది. స్టార్మ్ మాత్రం రెండో సీజన్‌లోనే టైటిల్ కొట్టేసింది. 1999 ఫైనల్లో సగం ఆట ముగిసేసరికి 0-14తో వెనుకబడినా, చివరికి సెయింట్ జార్జ్ ఇల్లవారాపై 20-18తో గెలిచింది. సిడ్నీలో ఆ మ్యాచ్‌కు వచ్చినవారు 1,07,999 మంది!

అయితే గెలుపొక్కటే జట్టును కాపాడిందనుకుంటే పొరపాటే. 2013 దాకా యాజమాన్యం మీడియా దిగ్గజం న్యూస్ లిమిటెడ్ చేతుల్లో ఉంది. 2003 నుంచి కోచ్ క్రెయిగ్ బెల్లమీ మారలేదు. పైగా జీతాల పరిమితి దాటి ఆటగాళ్లకు చెల్లించినట్టు 2010లో బయటపడటంతో 2007, 2009 టైటిళ్లను లాగేసుకున్నారు. ఆ మచ్చ ఇంకా పోలేదు. ఆ తర్వాత 2012, 2017, 2020ల్లో మళ్లీ ఛాంపియన్ అయింది.

అసలు చిక్కు ఇక్కడే

ఆ జట్టును ఆ స్థాయికి చేర్చిన కామెరాన్ స్మిత్, బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్.. ముగ్గురూ క్వీన్స్‌లాండ్ కుర్రాళ్లే. విక్టోరియాలో పుట్టి పెరిగిన ఆటగాడు తొలిసారి స్టార్మ్ జెర్సీ వేసుకున్నది 2012లో! అతడే మహే ఫోనువా. అంటే క్లబ్ మొదలై అప్పటికి 14 ఏళ్లు. టైటిళ్లు వచ్చినంత వేగంగా స్థానిక ఆటగాళ్లు రాలేదన్నమాట. 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన పెన్రిత్‌తో పోలిస్తే తేడా అర్థమవుతుంది. పశ్చిమ సిడ్నీలోని ఆ జట్టులో చాలామంది చుట్టుపక్కల జూనియర్ క్లబ్బుల్లో ఎదిగినవారే.

అలాగని మెల్‌బోర్న్‌లో ఆటకు ఆదరణే లేదనలేం. మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 2015లో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ మధ్య జరిగిన స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌కు 91,513 మంది వచ్చారు. ఆడిన రెండు జట్లూ బయటివే! రెండు రాష్ట్రాల ఆటను దేశం మొత్తం ఆటగా టీవీ సంస్థలకు అమ్ముకోవడానికి లీగ్‌కు ఇలాంటి నగరం కావాలి. ఆ లెక్కన స్టార్మ్ లీగ్‌కు లాభమే. వరుసగా ఓడే జట్టయితే ఈ పని జరిగేది కాదు.

పెర్త్‌కూ ఈ లెక్క వర్తిస్తుంది. అక్కడా ఆస్ట్రేలియన్ రూల్స్‌దే రాజ్యం. తూర్పు నుంచి స్టార్ ఆటగాళ్లను కొనుక్కొస్తే మొదట్లో స్టేడియం నిండొచ్చు. కానీ అక్కడి స్కూళ్లలో పిల్లలు ఈ బంతి పట్టడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది మెల్‌బోర్న్ అనుభవం చూస్తే తెలుస్తుంది. ఆ పని ఇప్పటినుంచే మొదలుపెట్టాల్సిన బాధ్యత కొత్త క్లబ్‌తో పాటు లీగ్‌దీ.