ఉప్పునీటి మీద ఆలుగడ్డ, ఇసుక గోతిలో ఖర్జూరం

మధ్యధరా సముద్రం చుట్టూ సేద్యం చేసేవాళ్లకు వానదేవుడు పెద్ద తిరకాసే పెట్టాడు. మనకు ఎండలు ముదిరాక జూన్‌లో తొలకరి వస్తుంది. నేల వేడిగా ఉంటుంది, గింజ వేస్తే లేస్తుంది. అక్కడ వాన పడేది చలికాలంలో. పైరుకు దాహం ఎక్కువయ్యే జూన్, జులై, ఆగస్టు నెలల్లో మబ్బుతునక కూడా కనబడదు. అందుకే ఆ తీరాల రికార్డులు తిరగేస్తుంటే ‘ప్రపంచంలోకెల్లా పెద్దది’ అనిపించుకున్నవాటి కంటే ‘ఇంత తక్కువ నీళ్లతో ఎలా పండించారబ్బా’ అనిపించేవే ఎక్కువగా ఆకట్టుకుంటాయి. పెద్దవాటినీ వదలం లెండి. ముందు చిన్నవి చూద్దాం.

పంపు లేదు, కాలువ లేదు

ట్యునీషియా ఉత్తర తీరంలో ఘార్ ఎల్ మెల్హ్ అనే ఊరుంది. అక్కడి ఉప్పుకయ్యలో, అంటే సముద్రానికి ఆనుకుని ఉన్న మడుగులో, రైతులు ఇసుక పోసి మడులు కట్టుకున్నారు. వాటిలో ఆలుగడ్డ, ఉల్లి, చిక్కుడు పండిస్తారు. చుట్టూ ఉన్నది ఉప్పునీరు. పైరుకు నీళ్లు పెట్టేవాళ్లెవరూ లేరు. మరి పైరు ఎలా బతుకుతోంది?

కిటుకంతా ఇసుకలోనే ఉంది. చలికాలంలో పడిన వాన ఇసుకలోకి ఇంకుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పలచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్రానికి పోటు వచ్చినప్పుడు కింది ఉప్పునీరు పైకి లేస్తుంది, దాంతోపాటు మంచినీటి పొరా లేచి వేళ్లను తడుపుతుంది. పాటు రాగానే మళ్లీ దిగిపోతుంది. రోజూ నీళ్లు పెట్టే పని చంద్రుడికి అప్పగించేశారన్నమాట. ఇందులో కష్టం మడి ఎత్తు దగ్గరే ఉంది. ఇసుక కాస్త పలచనైతే వేళ్లు ఉప్పును తాకి పైరు మాడిపోతుంది, కాస్త మందమైతే మంచినీరు వేళ్లకు అందదు. అందుకని ఏటా ఇసుక, పశువుల ఎరువు వేసి మడిని సరిచేస్తూనే ఉండాలి. గాలికి ఇసుక లేచిపోకుండా చుట్టూ దడి కడతారు. స్పెయిన్ నుంచి వెళ్లగొడితే 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి చేరిన అండలూసియా ముస్లిములు మొదలుపెట్టిన సేద్యమిది. ‘రమ్లీ’ అంటారు. 2020లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. సముద్రమట్టం పెరిగితే మొదట దెబ్బ తినేదీ ఇదే. లెక్క వేళ్ల పొడవులో ఉన్న చోట కొద్దిపాటి పెరుగుదలైనా చాలు.

చెట్టును నీటి దగ్గరకు దించారు

నీటిని చెట్టు దగ్గరకు తేవడం అందరూ చేసే పని. అల్జీరియాలోని ఎల్ ఊద్ ప్రాంతపు రైతులు చెట్టునే నీటి దగ్గరకు దించారు. అది సహారా ఎడారి అంచు. అడుగున నీళ్లున్నాయి, పైన ఇసుక తిన్నెలు ఉన్నాయి. ఆ తిన్నెల్లో పది మీటర్ల దాకా లోతున గిన్నెలాంటి పెద్ద గొయ్యి తవ్వి, అడుగున ఖర్జూరపు మొక్కలు నాటారు. వేళ్లు సూటిగా ఊటలోకి దిగుతాయి. ఇక ఆ చెట్టుకు జన్మలో నీళ్లు పెట్టక్కర్లేదు. దూరం నుంచి చూస్తే ఇసుకలోంచి ఖర్జూరపు తలలు మాత్రమే కనిపిస్తాయి.

నీళ్లు పెట్టే పని తప్పింది కానీ ఇసుక ఎత్తే పని మిగిలింది. గాలి వీచినప్పుడల్లా గొయ్యి పూడుతుంది. తట్టలతో ఇసుక మోసి పైకి పారబోయాలి, గట్టు మీద ఎండుమట్టలతో దడి కట్టాలి. తండ్రి తవ్విన గోతిలోంచి కొడుకు, మనవడు ఇసుక మోస్తూనే ఉంటారు. ‘ఘూత్’ అనే ఈ తోటలకు 2011లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

ఆ గుర్తింపుకు ముందే వీటిలో చాలావాటికి జరగరాని నష్టం జరిగింది, అదీ ఎడారిలో ఎవరూ ఊహించని తీరులో. పట్టణం పెరిగింది. లోతైన బోర్లు వేసి పాతాళపు నీటిని పైకి తోడారు. వాడిన మురుగునీరు పోయే దారి లేక నేలలోకే ఇంకింది. పై ఊట మట్టం పెరిగి గోతుల్లో నీళ్లు నిలిచాయి. ఎన్నో ఖర్జూరపు చెట్లు వేళ్లు కుళ్లి చచ్చిపోయాయి. కరవుకు తట్టుకున్న తోట నీళ్లు ఎక్కువై పోయింది.

సిసిలీకి, ట్యునీషియాకు మధ్యనున్న పాంటెల్లేరియా దీవిలో సమస్య గాలి. అక్కడ ఒక్క నారింజ చెట్టు కోసం మనిషి ఎత్తును మించిన గుండ్రటి రాతిగోడ కడతారు. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన గోడ. గాలిని ఆపుతుంది, రాత్రి చల్లబడినప్పుడు రాళ్లకు పట్టిన తేమ లోపలి నేలకు అందుతుంది. ద్రాక్షతీగనైతే నేలలో చిన్న గుంట చేసి పొట్టిపొదలా పెంచుతారు. 2014లో ఆ ద్రాక్ష సేద్యాన్ని యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఒక వ్యవసాయ పద్ధతికి అలాంటి గౌరవం దక్కడం అదే మొదలు.

గురువారం పన్నెండింటికి కోర్టు

స్పెయిన్‌లోని వాలెన్సియా నగరంలో ప్రధాన చర్చి గుమ్మం ముందు ప్రతి గురువారం మధ్యాహ్నం కోర్టు కూర్చుంటుంది. న్యాయమూర్తులు ఎనిమిది మంది. అందరూ రైతులే, ఒక్కో కాలువ ఆయకట్టుదారులు ఎన్నుకున్నవాళ్లు. నల్లచొక్కాలు వేసుకుని గుండ్రంగా కుర్చీలు వేసుకుంటారు. గంట పన్నెండు కొట్టగానే బంట్రోతు ఒక్కో కాలువ పేరు చదివి, దాని మీద ఫిర్యాదుకు గురైనవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మని పిలుస్తాడు. ఎవరూ రాకపోతే నిమిషాల్లో కోర్టు ముగుస్తుంది. చాలా గురువారాలు అంతే, చుట్టూ చేరిన పర్యాటకులు మొహాలు చూసుకుంటారు.

వచ్చారంటే మాత్రం ఆట వేరు. లాయర్లు ఉండరు, కాగితాలు ఉండవు. వాదన అంతా నోటిమాటే, అదీ వాలెన్సియా భాషలో. ఎవరు మాట్లాడాలో అధ్యక్షుడు కాలితో చూపిస్తాడు. వంతు కానప్పుడు నీళ్లు పెట్టుకున్నా, కాలువ పూడిక తీయకపోయినా, పక్కవాడి చేలోకి నీళ్లు వదిలినా జరిమానా పడుతుంది. ఏ కాలువ మీద తగవు వచ్చిందో ఆ కాలువ న్యాయమూర్తి తీర్పులో పాల్గొనడు. అప్పీలు లేదు. మన చెరువుల కింద నీరటికాడి మాటకు ఒకప్పుడున్న విలువను చట్టం కాపాడుతూ వస్తే ఎలా ఉండేదో అలా ఉంటుందిది. దీని వయసు వెయ్యేళ్లని వాలెన్సియావాళ్లు చెప్పుకుంటారు, 1960లో వెయ్యేళ్ల పండగ కూడా చేసుకున్నారు. యూరప్‌లో నేటికీ నడుస్తున్న అతి పాత న్యాయవ్యవస్థగా దీనికి పేరు. 2009లో యునెస్కో జాబితాకెక్కింది.

ప్లాస్టిక్ సముద్రం

ఇప్పుడు పెద్దవి. స్పెయిన్ ఆగ్నేయ మూలనున్న అల్మెరియాలో 30 వేల హెక్టార్లకు పైగా నేల ప్లాస్టిక్ కప్పు కింద ఉంది. ప్రపంచంలో ఇంత పెద్ద గ్రీన్‌హౌస్ సముదాయం ఒకేచోట మరొకటి లేదంటారు. అంతరిక్షం నుంచి తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లు, అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. 1960ల మొదట్లో ద్రాక్షపందిళ్ల మీద ప్లాస్టిక్ కప్పి చూశారు, ఇప్పుడు యూరప్ చలికాలపు టమాటా, కీరదోస, క్యాప్సికం ఇక్కడి నుంచే వెళ్తాయి. తెల్లటి కప్పు ఎండను తిప్పికొట్టడం వల్ల, చుట్టుపక్కల ప్రాంతాలు వేడెక్కుతుంటే ఇక్కడ 1983–2006 మధ్య ఉష్ణోగ్రత పదేళ్లకు 0.3 డిగ్రీల చొప్పున తగ్గిందని పరిశోధకులు లెక్కకట్టారు.

నాకు నచ్చే సంగతి మాత్రం వేరే. 2006 చివర్లో జర్మనీలో ఇక్కడి క్యాప్సికంలో నిషిద్ధ పురుగుమందు దొరికింది. మార్కెట్ పోతుందన్న భయంతో ఒకటి రెండేళ్లలోనే క్యాప్సికం తోటలు దాదాపు అన్నీ మిత్రపురుగుల బాట పట్టాయి. మొక్కకో చిన్న కాగితపు పొట్లం వేలాడదీస్తారు. అందులోంచి బయటకు పాకే నల్లి తామరపురుగుల్ని, తెల్లదోమ గుడ్లను తినేస్తుంది. పర్యావరణం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని మార్పు, వెనక్కొచ్చిన సరుకు వల్ల వచ్చింది. అలాగని అల్మెరియాను నెత్తిన పెట్టుకోలేం. భూగర్భజలాల్లోకి ఉప్పు చొరబడింది. ఆఫ్రికా నుంచి వచ్చిన కూలీలు చాలామంది ప్లాస్టిక్ గుడిసెల్లోనే ఉంటారు. 2012లో పక్కనున్న గ్రనడా తీరానికి కొట్టుకొచ్చిన ఓ తిమింగలం కడుపులో గ్రీన్‌హౌస్ పట్టాలతో కలిపి 17 కిలోల ప్లాస్టిక్ బయటపడింది.

చెట్ల రికార్డులు

ఆలివ్ నూనెలో స్పెయిన్‌దే అగ్రస్థానం. ఒక్క హయేన్ జిల్లాలోనే దాదాపు 6.6 కోట్ల ఆలివ్ చెట్లున్నాయి. అయితే 2021–22లో 15 లక్షల టన్నుల దగ్గర్లో ఉన్న స్పెయిన్ ఉత్పత్తి మరుసటేడు కరవుతో సగానికి కూడా రాలేదు. ఇటలీ దక్షిణాన అపూలియాలో 2013లో బయటపడిన బాక్టీరియా తెగులు లక్షల చెట్లను ఎండబెట్టింది.

క్రీట్ దీవిలోని వూవెస్ ఊళ్లో ఉన్న ఆలివ్ చెట్టుకు రెండు వేల ఏళ్లు తక్కువ ఉండవు. మూడు వేలనేవాళ్లూ ఉన్నారు. నడిమి చేవ పుచ్చి డొల్లైపోయింది కాబట్టి కచ్చితమైన వయసు ఎవరికీ తేలదు. ఇప్పటికీ కాపు కాస్తోంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో విజేతల కిరీటాలకు దీని కొమ్మలూ వాడారు.

పోర్చుగల్‌కు మధ్యధరా తీరం లేదు, వాతావరణం, తిండి మాత్రం అవే. సీసా బిరడాలు చేసే కార్క్‌లో ప్రపంచంలో సగం అక్కడిదే. చెట్టును కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి గొడ్డలితో బెరడు ఒలిచి, మళ్లీ ఎప్పుడు ఒలవాలో తెలిసేలా ఆ ఏడాది చివరి అంకెను మాను మీద తెల్లరంగుతో రాస్తారు. 1783లో నాటిన ‘విజిల్ చెట్టు’ ఒక్కటే 1991లో 1,200 కిలోల బెరడు ఇచ్చింది. అంటే లక్ష బిరడాలు. కొమ్మల నిండా పిట్టలే కాబట్టి ఆ పేరు.

విత్తనాల ప్రయాణం

సిరియాలోని అలెప్పో దగ్గర ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థకు గోధుమ, బార్లీ, శనగ, మసూరు విత్తనాల భాండాగారం ఉండేది. కాబూలీ శనగల మీద మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థే అది. అంతర్యుద్ధం ముదరకముందే శాస్త్రవేత్తలు విత్తనాల నకళ్లను ఉత్తరధ్రువం దగ్గరున్న స్వాల్‌బార్డ్ మంచు భాండాగారానికి పంపేశారు. 2008లో తెరిచిన ఆ భాండాగారంలోంచి విత్తనాలను వెనక్కి తీసుకున్నది మొదటిసారి వీళ్లే, 2015లో. వాటిని లెబనాన్‌లోని బెకా లోయలోనూ, మొరాకోలోనూ నాటి, పండించి, 2017లో కొత్త గింజల్ని మళ్లీ స్వాల్‌బార్డ్‌లో జమచేశారు.